మృతుల చరిత్రము - పత్రికల విధి

మహాపురుషుడు గతించిన మరునాడు అతనినిగూర్చి పత్రిక యేమి ప్రకటించునో దానినిబట్టియే చదువరులు ఆ పత్రిక యోగ్యతను నిర్ణయింతురు. ఈ విషయమును చక్కగా గ్రహించినవారిలో లండను టైమ్సు సంపాదకుడు జాన్ తాడియస్ డెలేన్ ముఖ్యుడు.

ఈతడు 1817 అక్టోబరు 11వ తేదీన లండనులో జన్మించెను. ఆక్స్‌ఫర్డులో విద్య ముగించి, 1841లో థామస్ బార్న్స్ మరణానంతరము, ఇరువదిమూడేండ్ల ప్రాయముననే సంపాదకపీఠ మధిష్ఠించెను. ముప్పదియారేండ్లు దానిని విడువలేదు. ఆయన స్వయముగా వ్రాసినది స్వల్పము. ఇతరులచే వ్రాయించి దిద్దినది అనల్పము. రాత్రియెల్ల కార్యాలయమున గడపి వేకువను ఇల్లు చేరుట ఆయన నిత్యకృత్యము. 1854లో క్రిమియా యుద్ధరంగమునుండి రస్సెలు పంపిన లేఖలను ప్రకటించి, సైనికుల దురవస్థను దేశమునకు వెల్లడించినవాడును ఈతడే.

1852 సెప్టెంబరు 14వ తేదీన వెల్లింగ్టన్ ప్రభువు 83 ఏండ్ల ప్రాయమున మరణించెను. శ్రీరంగపట్టణ, అస్సాయి యుద్ధములవలన ఆ పేరు దక్షిణాపథమునకు క్రొత్తది కాదు. 15, 16 తేదీల టైమ్సు సంచికలలో ఆయన జీవితము సవిస్తరముగ వెలువడెను. అంతటి చరిత్రము ఒక్కరాత్రిలో సమకూరునది కాదు. ముందుగనే సిద్ధపరచి యుంచిన ఫలమది. అట్టి సంచికను చదివి పారవేయరు, దాచుకొందురు. 1870 మొదలు 1894 వరకు టైమ్సు ప్రకటించిన ప్రముఖుల జీవితములు తరువాత ఆరు సంపుటములుగ మరల ముద్రితములై విక్రయింపబడెను. సామాన్య వార్తకు వెల ఒక్కనాడే. సుచరిత్రమునకు మరల మరల గలదు.

మా లోపమును చెప్పుకొనుటకు మేము సంకోచింపము. ఒకప్పుడు వృద్ధుడగు దేశసేవకుడొకడు గతింపగా, తీరని లోటని నాలుగు పంక్తులు వ్రాసి విరమించితిమి. ఆయన జన్మసంవత్సరముగాని, చెరలో గడపిన కాలముగాని మాయొద్ద లేవు. పెద్దదినమున బంధువులకు పంచుటకై నూరు ప్రతులు కావలెనని ఆయన కుమారుడు ముందుగ కబురంపెను. సంచికను చూచినపిమ్మట వలదనెను. మాకు కలిగిన ద్రవ్యనష్టము అత్యల్పము. సిగ్గుమాత్రము నేటికిని తీరలేదు.

కావున ప్రతి కార్యాలయమునను పెద్దల జీవితవిశేషములు వారు సజీవులై యుండగనే సేకరింపబడవలయును. అయితే ధనము గైకొని పొగడుట చరిత్రము కాదు, ప్రకటన. గుణములతోపాటు దోషములను చెప్పగల పత్రిక మాటనే బంధువులును నమ్మి భద్రపరతురు. లాభమునకు మూలము ఆ నమ్మకమే.

డెలేన్ చూపు మందగించి 1877లో విశ్రాంతి గైకొని, 1879 నవంబరు 22వ తేదీన ఆస్కాటులో మరణించెను. బ్రతికియున్నవాడు మన తప్పును ఖండించుచు ఉత్తరము వ్రాయగలడు. మృతున కా యవకాశము లేదు. అందుచేత అతనినిగూర్చి వ్రాయునపుడు మన బాధ్యత ఇనుమడించుచున్నది.