క్యాన్సర్ కిరణాలకు కొలత కట్టిన డాక్టర్ గ్రే

మన ప్రార్థన విన్నపాలలో క్యాన్సర్ మాట వినబడని నెల అరుదు. ఊళ్లో మనవాళ్లు కరెంటు పెట్టించుకోవడం అని చెప్పుకునే వైద్యాన్నే ఇక్కడ రేడియోథెరపీ అంటారు. ఆ వైద్యం పొందేవారి కాగితాల మీద 40 గ్రే, 60 గ్రే అని రాసి ఉంటుంది. ఆ గ్రే ఒక మనిషి ఇంటిపేరు.

లూయిస్ హెరాల్డ్ గ్రే 1905 నవంబరు 10న లండన్ పరిసరాల్లో పుట్టారు. కలిగిన కుటుంబమేమీ కాదు. స్కాలర్‌షిప్పు మీద క్రైస్ట్స్ హాస్పిటల్‌లో (పేరుకే హాస్పిటల్, నిజానికి అది బడి), తర్వాత కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీలో చదివారు. అక్కడి కావెండిష్ ప్రయోగశాలకు ఆనాడు రూథర్‌ఫర్డ్ పెద్ద. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనిపెట్టింది అక్కడే. అలాంటి చోట ఎదుగుతున్న యువకుడు 1933లో దాన్ని విడిచి, నార్త్‌వుడ్‌లోని మౌంట్ వెర్నన్ ఆసుపత్రిలో ఫిజిసిస్టుగా చేరారు. హారో, వాట్‌ఫర్డ్ వైపు ఉండే మనవాళ్లకు ఆ ఆసుపత్రి తెలిసే ఉంటుంది.

అప్పటి డాక్టర్లు ఎక్స్‌రేలూ రేడియమూ వాడుతున్నారు గాని, ఒంటికి ఎంత అందుతోందో సరిగా చెప్పలేకపోయేవారు. కిరణం గాలిలో ఎంత విద్యుదావేశం పుట్టిస్తుందో చెప్పే రాంట్‌జెన్ అనే కొలత ఉండేది. రోగి ఒళ్లు గాలి కాదు గదా! కణజాలం ఎంత శక్తిని పీల్చుకుందన్నదే అసలు లెక్క అన్నది గ్రే గారి పట్టు. ఘనపదార్థం లోపల చిన్న గాలి గుంట ఉంచి, ఆ గాలిలో జరిగినదాన్నిబట్టి చుట్టూ ఉన్న పదార్థం పీల్చుకున్న శక్తిని రాబట్టే పద్ధతిని ఆయన కేంబ్రిడ్జిలో ఉండగానే ఆలోచించారు. విలియం బ్రాగ్ అంతకుముందే ఆ దారి చూసి ఉన్నారు గనుక అది ఇద్దరి పేర్లతోనూ నిలిచింది.

ఇవాళ కిలో బరువుకు ఒక జౌల్ శక్తి అందితే దాన్ని ఒక గ్రే అంటారు. ఒళ్లంతటికీ ఒక్కసారిగా సుమారు 4 గ్రేలు తగిలితే, వైద్యం అందనివారిలో సగంమంది బతకరు. వేడి లెక్కన చూస్తే మాత్రం అది ఒక చిన్న గుక్క వేడి టీతో సమానం, అంతే. ప్రాణం తీసేది ఆ వేడి కాదు, కణం లోపల డిఎన్‌ఏ తెగిపోవడం.

మౌంట్ వెర్నన్‌లో డాక్టర్ మాట్రమ్ బీన్స్ మొలకల వేళ్ల మీద కిరణాలు ప్రసరింపజేసి చూసేవారు. ఆక్సిజన్ అందే వేళ్లకు దెబ్బ ఎక్కువ, అందనివాటికి తక్కువ. ఇది గ్రే గారి మనసులో నాటుకుపోయింది. 1946లో ఆయన హామర్‌స్మిత్ ఆసుపత్రికి మారారు. 1953లో తోటివారితో కలిసి ప్రచురించిన వ్యాసంలో ఈ సంగతి క్యాన్సర్ వైద్యానికి ఎంత ముఖ్యమో చూపించారు. ఆక్సిజన్ లేని కణాన్ని చంపాలంటే దాదాపు మూడింతల మోతాదు కావాలి. కిరణం తెంచినచోట ఆక్సిజన్ వచ్చి అతుక్కుంటే, ఆ గాయాన్ని కణం బాగుచేసుకోలేదు.

ఆ రోజుల్లోనే పైవారితో పొసగక ఆయన హామర్‌స్మిత్ విడిచారు. తప్పెవరిదో తేల్చడం మన పని కాదు గాని, మంచే జరిగింది. బ్రిటిష్ ఎంపైర్ క్యాన్సర్ క్యాంపెయిన్ ఆయన కోసం తిరిగి మౌంట్ వెర్నన్‌లోనే ఒక పరిశోధన విభాగం నెలకొల్పింది. 1955లో థామ్లిన్సన్, గ్రే కలిసి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముక్కలను మైక్రోస్కోపు కింద కొలిచారు. రక్తం అందే చోటినుంచి మిల్లీమీటరులో ఐదో వంతు దూరం కూడా పోకముందే కణాలు చచ్చిపడి ఉన్నాయి. బతికినవాటికీ చచ్చినవాటికీ నడుమ, ఊపిరాడక కొనప్రాణంతో ఉన్న ఒక పలచని పొర ఉండాలి. కిరణాలకు లొంగనివి ఆ కణాలే అని వారి అనుమానం.

రోజూ కొంచెం కొంచెంగా వారాల తరబడి ఎందుకు, ఒక్కసారే ఇచ్చేయకూడదా అని మనవాళ్లు డాక్టరును అడుగుతుంటారు. మంచి కణాలు కోలుకోవడానికి వ్యవధి కావాలన్నది ఒక కారణం. బయటి కణాలు చస్తుంటే లోపలివాటికి మెల్లగా ఆక్సిజన్ అంది, అవి మర్నాటి కిరణానికి లొంగుతాయన్నది రెండోది.

గ్రే గారు 1965 జూలై 9న, 59 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ కొలతకు ఆయన పేరు పెట్టింది 1975లో. అంటే రోగి చీటీ మీద తన పేరు ఆయన చూడనేలేదు.

ఆయన మొదలుపెట్టిన పని ఆగలేదు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ తర్వాత చాలామందికి 5 రోజుల్లో 26 గ్రేలు సరిపోతాయని బ్రిటన్‌లో జరిగిన పరిశోధన 2020లో చూపించింది. డెన్మార్క్‌లో తల, గొంతు క్యాన్సర్లకు కిరణాలతోపాటు నిమొరజోల్ అనే మందు ఇస్తారు. ఆక్సిజన్ అందని కణాల్లో ఆక్సిజన్ చేయవలసిన పనిని ఆ మందు చేస్తుంది. ఊపిరాడని కణాలు గడ్డలో ఎక్కడ దాక్కున్నాయో ముందే స్కాన్‌లో పట్టుకుని, సరిగ్గా అక్కడ మోతాదు పెంచాలని ఇప్పుడు ప్రయత్నిస్తున్నారు.