డబ్లిన్ నల్ల గులాబీ ఫిల్ లైనట్

రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే మనిషి సాధారణంగా డ్రమ్స్ పక్కన, కాస్త వెనగ్గా నిలబడి ఉంటాడు. పాట నడకను పట్టి ఉంచేది అతనే అయినా చూపులన్నీ గాయకుడి మీద, లీడ్ గిటార్ మీద ఉంటాయి. ఇళయరాజా పాటల్లో బేస్ కోసమే చెవులు రిక్కించి వినేవాళ్లు మనలోనూ ఉన్నారు. కానీ వాయించిందెవరని అడిగితే చాలామంది తడుముకుంటారు. థిన్ లిజ్జీ బ్యాండ్ నాయకుడు ఫిల్ లైనట్ ఈ లెక్కలో ఇమడడు. అతను బేస్ వాయిస్తూనే పాడాడు, పాటల్లో ఎక్కువ భాగం రాశాడు, బ్యాండ్‌ను నడిపాడు. గిటార్ మీద అద్దంలాంటి పలక బిగించుకుని, స్టేజి లైట్ల వెలుగును జనం ముఖాల మీదికి తిప్పేవాడు. వెనక నిలబడటం అతనికి చేతకాలేదు. నిజానికి అతను పుట్టి పెరిగిన తీరులో దాక్కునే వీలూ లేదు.

1949 ఆగస్టు 20న ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్ దగ్గరి వెస్ట్ బ్రామ్‌విచ్‌లో పుట్టాడు. తల్లి ఫిలోమినా డబ్లిన్ నుంచి పని వెతుక్కుంటూ వెళ్లిన అమ్మాయి. తండ్రి సెసిల్ ప్యారిస్ అప్పటి బ్రిటిష్ గయానా నుంచి వచ్చిన నల్లజాతీయుడు. వాళ్లకు పెళ్లి కాలేదు. ఆ కాలపు కాథలిక్ ఐర్లండ్‌లో పెళ్లికాని తల్లి అంటే ఇంటిల్లిపాదికీ తలవంపు. ఇంగ్లండ్‌లో చూస్తే ఇటు ఐరిష్ వాళ్లన్నా, అటు నల్లవాళ్లన్నా చిన్నచూపే. ఫిలోమినా కొంతకాలం అవివాహిత తల్లుల ఆశ్రమంలో తలదాచుకుంది. ఆ తర్వాత ఆమెకు మరో ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్లను దత్తతకు ఇచ్చేసింది. ఆ సంగతిని దశాబ్దాల పాటు గుండెల్లోనే దాచుకుని, వృద్ధాప్యంలో గానీ బయటపెట్టలేదు. ఫిల్‌ను మాత్రం డబ్లిన్‌లోని తన తల్లి శారా దగ్గరికి పంపింది.

అలా క్రమ్లిన్ అనే కార్మికవాడలో అమ్మమ్మ చేతుల మీద పెరిగాడు. అక్కడ నల్లటి పిల్లవాడు ఎంత అరుదో ఊహించుకోవచ్చు. అయినా అతని యాస, పేట, స్నేహాలు అన్నీ డబ్లిన్‌వే. చూసినవాళ్లకు విదేశీయుడు, నోరు తెరిస్తే పక్కా స్థానికుడు. తర్వాతి రోజుల్లో రాసిన పాటల్లో అనాథలు, దేశదిమ్మరులు, పారిపోయిన ఖైదీలు అంతమంది ఎందుకున్నారో తెలియాలంటే ఈ క్రమ్లిన్ రోజులు చూడాలి. తల్లి మాంచెస్టర్‌లో నడిపిన హోటల్ మీదా తొలి ఆల్బమ్‌లో ఒక పాట ఉంది. అమ్మమ్మ పేరిట ఒక పాట రాశాడు. కూతురు పుట్టాక ఆమెకూ అదే పేరు పెట్టి, అదే పేరుతో మరో పాట రాశాడు.

మొదట అతను గాయకుడు మాత్రమే. స్కిడ్ రో అనే డబ్లిన్ బ్యాండ్ నుంచి 1969లో అతన్ని తప్పించారు. తప్పించిన బ్రష్ షీల్స్ మనసు ఊరుకోక, ఒక బేస్ గిటార్ అమ్మి, వాయించడం కూడా నేర్పాడు. ఆ గిటార్ అంతకుముందు రాబర్ట్ బల్లా అనే వాయిద్యకారుడిది. బల్లా తర్వాత పెద్ద చిత్రకారుడై, యూరో రాకముందు ఐర్లండ్ వాడిన చివరి కరెన్సీ నోట్లకు రూపకల్పన చేశాడు. అలా ఉద్యోగం ఊడిన గాయకుడు కొద్ది నెలల్లో బేసిస్టు అయ్యాడు.

ఆ ఏడాది చివర్లో చిన్ననాటి మిత్రుడు, డ్రమ్మర్ బ్రయన్ డౌనీతో, బెల్ఫాస్ట్ గిటారిస్టు ఎరిక్ బెల్‌తో కలిసి థిన్ లిజ్జీ పెట్టాడు. పేరులో ఒక వేళాకోళం ఉంది. పిల్లల కామిక్‌లోని టిన్ లిజ్జీ అనే మరబొమ్మ పేరు తీసుకుని, టిన్‌ను థిన్‌గా మార్చారు. ఎలా రాసినా డబ్లిన్ వాడి నోట టిన్ అనే వస్తుంది కదా!

1972 చివర్లో ఒక పాత ఐరిష్ దారిదోపిడీ దొంగ పాటను రాక్ బాణీలో విడుదల చేశారు. విస్కీ ఇన్ ద జార్ అనే ఆ పాట ఐర్లండ్‌లో మొదటి స్థానానికి, బ్రిటన్‌లో ఆరో స్థానానికి చేరింది. తమ సొంత పాట కానందుకు బ్యాండ్‌కు అది పెద్దగా నచ్చలేదు. ఆ దారిలోనే వెళితే జానపద రాక్ బ్యాండ్‌గా మిగిలిపోయేవాళ్లు. బెల్ వెళ్లిపోయాక 1974లో అమెరికన్ స్కాట్ గోరమ్, స్కాట్లండ్ కుర్రాడు బ్రయన్ రాబర్ట్‌సన్ వచ్చారు. రెండు లీడ్ గిటార్లు ఒకే బాణీని వేర్వేరు స్వరాల్లో జంటగా వాయించే పద్ధతి అప్పుడు స్థిరపడింది. ఐరన్ మెయిడెన్ లాంటి బ్యాండ్లు దాన్ని అందిపుచ్చుకున్నాయి. ఆ జంట గిటార్లకు అడుగున ఫిల్ బేస్ గొప్ప విన్యాసాలేమీ చేయదు, తొణకకుండా నడుస్తుంది. దానిమీద అతని గొంతు మాత్రం తాళానికి కాస్త ముందో వెనకో జారుతూ, కబుర్లు చెబుతున్నట్టు సాగుతుంది. చేతులు ఒక లెక్కలో, నోరు మరో లెక్కలో! వాయిద్యం పట్టినవాళ్లకు తెలుస్తుంది అదెంత కష్టమో.

1976లో జైల్‌బ్రేక్ ఆల్బమ్, అందులోని ద బాయ్స్ ఆర్ బ్యాక్ ఇన్ టౌన్ పాట అట్లాంటిక్‌కు రెండు వైపులా హిట్ అయ్యాయి. అమెరికా తలుపు తెరుచుకున్న ఆ వేసవిలోనే ఫిల్‌కు హెపటైటిస్ సోకి పర్యటన మధ్యలో ఆగిపోయింది. అదే ఏడాది మరోసారి బయల్దేరబోతుంటే రాబర్ట్‌సన్ క్లబ్బు కొట్లాటలో చేయి కోసుకున్నాడు. ఆ తర్వాత అమెరికా వాళ్లకు ఎన్నడూ పూర్తిగా చిక్కలేదు. 1978 నాటి లైవ్ అండ్ డేంజరస్ మాత్రం రాక్ చరిత్రలోని గొప్ప కచేరీ ఆల్బమ్‌లలో ఒకటిగా నిలిచింది. దానిలో స్టూడియోలో తర్వాత దిద్దింది ఎంత అన్న తగవు ఇప్పటికీ తేలలేదు.

నా దృష్టిలో అతన్ని అర్థం చేసుకోవడానికి 1979 ఆల్బమ్ బ్లాక్ రోజ్ కీలకం. రోషీన్ డవ్, అంటే చిన్న నల్ల గులాబీ, శతాబ్దాల నాటి ఐరిష్ పాట. అందులోని స్త్రీని పరాయి పాలనలో మగ్గుతున్న ఐర్లండ్‌గా చెప్పుకుంటారు, మన భారతమాత లాగా. ఆ పేరును ఒక నల్లజాతి డబ్లిన్ యువకుడు తన ఆల్బమ్‌కు పెట్టుకున్నాడు. చివరి పాటలో పురాణ వీరుడు కూహులిన్‌ను తలుచుకుని, జాయిస్, యేట్స్‌ల సరసన ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ బెస్ట్‌నూ కూర్చోబెట్టాడు. నువ్వు ఎక్కడివాడివని అడిగేవాళ్లకు ఇంతకన్నా జవాబేం కావాలి? అట్ట మీది బొమ్మ జిమ్ ఫిట్జ్‌పాట్రిక్‌ది. మన కాలేజీ హాస్టల్ గోడల మీద కనిపించే ఎరుపు నలుపుల చే గెవారా పోస్టర్ వేసింది కూడా ఆయనే.

అదే ఆల్బమ్‌లో వ్యసనాన్ని ఇక వదిలెయ్యాలనే పాటా ఉంది. అది నటన కాదు. 1980లో పెళ్లయింది, ఇద్దరు కూతుళ్లు. హెరాయిన్ మాత్రం వదల్లేదు. 1983లో బ్యాండ్ ముగిసింది, మరుసటి ఏడాది భార్యాపిల్లలు దూరమయ్యారు. కొత్త బ్యాండ్ గ్రాండ్ స్లామ్‌తో ఏ రికార్డు కంపెనీ ఒప్పందం చేసుకోలేదు. 1985లో పాత మిత్రుడు గ్యారీ మూర్‌తో కలిసి ఉత్తర ఐర్లండ్ హింసపై పాడిన అవుట్ ఇన్ ద ఫీల్డ్స్ బ్రిటన్‌లో అయిదో స్థానానికి చేరింది. అయినా ఆ జులైలో లైవ్ ఎయిడ్ కచేరీకి థిన్ లిజ్జీని పిలవలేదు. నిర్వాహకుల్లో ఒకరు డబ్లిన్ వాడే అయిన బాబ్ గెల్డాఫ్. మరొకరు మిడ్జ్ యూర్, అప్పట్లో బీబీసీ టాప్ ఆఫ్ ద పాప్స్‌కు శీర్షిక సంగీతంగా ఉన్న యెల్లో పెర్ల్‌ను ఫిల్‌తో కలిసి రాసిన మనిషి. పిలిచి ఉంటే బతికేవాడని అనడం అతిశయోక్తి. కానీ ఆ రోజు అతను వేదిక బయట ఉండాల్సిన మనిషి కాదు.

ఆ క్రిస్మస్ రోజున ఇంట్లో కుప్పకూలాడు. కొడుకు హెరాయిన్ వ్యసనం ఎంత ముదిరిందో తల్లికి అప్పుడే తెలిసింది. రక్తంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, గుండె వైఫల్యం. 1986 జనవరి 4న సాల్స్‌బరీ ఆసుపత్రిలో చనిపోయాడు. వయసు 36.

డబ్లిన్ శివార్లలోని సెయింట్ ఫింటన్ శ్మశానంలో సమాధి చేశారు. 2005లో నగరం నడిబొడ్డున, గ్రాఫ్టన్ వీధి పక్కన, బేస్ గిటార్‌తో నిలబడిన అతని కంచు విగ్రహాన్ని ఆవిష్కరించినప్పుడు ఫిలోమినా అక్కడే ఉంది. 2019లో ఐర్లండ్ కేంద్ర బ్యాంకు అతని పేరిట 15 యూరోల వెండి నాణెం విడుదల చేసింది. ఆ ఏడాది జూన్‌లో ఫిలోమినా కన్నుమూసింది.