టైటిల్స్‌లో పేరు పోయిన మ్యాప్ మాస్టర్

మన మెట్రో బ్లూ లైన్ మ్యాప్ ఒకసారి గమనించండి. యూసుఫ్‌గూడ, రోడ్ నెంబర్ 5, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి... అన్నీ చక్కగా ఒకే గీత మీద పూసల్లా ఉంటాయి. కింద రోడ్డు ఎన్ని వంకరలు తిరుగుతుందో చెక్‌పోస్ట్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న వాళ్లకి బాగా తెలుసు. మ్యాపులో ఇలా అందంగా అబద్ధం చెప్పడాన్ని ప్రపంచానికి అలవాటు చేసినవాడు హ్యారీ బెక్.

ఆయన 1902 జూన్ 4న లండన్ పక్కనున్న లేటన్‌లో పుట్టాడు. లండన్ అండర్‌గ్రౌండ్ రైల్వే సిగ్నల్స్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాడు. పర్మనెంట్ పోస్టు కాదు, తీసేస్తూ మళ్లీ పిలుస్తూ ఉండేవాళ్లు. 1931లో ఎవరూ అడగకుండానే, తన సొంత టైములో, మొత్తం నెట్‌వర్క్‌కి కొత్త మ్యాప్ గీశాడు.

అప్పటిదాకా ఉన్న మ్యాపులు నిజమైన దూరాల ప్రకారం ఉండేవి. దాంతో ఊరి మధ్యలో స్టేషన్ల పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి, శివార్లలో కాగితం ఖాళీగా పడుండేది. బెక్ వేరేలా ఆలోచించాడు. భూమి కింద వెళ్లేవాడికి పైన ఏ వీధి ఉందో ఎందుకు? ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ మారాలి, ఎక్కడ దిగాలి, అంతే. అందుకే నిలువు, అడ్డం, 45 డిగ్రీల గీతలు మాత్రమే వాడాడు. మధ్య భాగాన్ని పెద్దది చేసి శివార్లని కుదించాడు. పైనున్న వాటిలో థేమ్స్ నదిని ఒక్కదాన్నే ఉంచాడు. మన డిస్క్రీట్ మ్యాథ్స్ భాషలో చెప్పాలంటే నోడ్స్, ఎడ్జెస్ ఉంచి, ఎడ్జ్ పొడవు తీసేశాడు.

పబ్లిసిటీ డిపార్ట్‌మెంట్ మొదట వద్దంది. ఆయన ఊరుకోకుండా మళ్లీ చూపించాడు. 1932లో ట్రయల్‌గా 500 కాపీలు వేశారు. 1933 జనవరిలో ఏకంగా 7 లక్షలు. నెల తిరక్కుండానే మళ్లీ ప్రింట్ చేయాల్సి వచ్చింది. ఆయనకి ముట్టిన డబ్బు మాత్రం చాలా తక్కువ.

నేను గీస్తున్న ఫాంటసీ మ్యాపుకి కూడా ఆయన రూల్సే దిక్కు. నా ఊహా లైను చెక్‌పోస్ట్ నుంచి ఫిలింనగర్, షేక్‌పేట, టోలీచౌకి మీదుగా మెహదీపట్నం వెళ్తుంది. ఇన్ని స్టూడియోలు, ఆఫీసులు ఉన్న ఫిలింనగర్‌కి ఇప్పటి మ్యాపులో స్టేషనే లేదు. కృష్ణానగర్‌లో ఉండే లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, అసిస్టెంట్ డైరెక్టర్లు పొద్దున్నే అటు వెళ్లాలంటే ఆటోనో బస్సో బైకో చూసుకోవాల్సిందే. బెక్ పద్ధతిలో వాళ్ల దారి రెండు గీతల్లో తేలిపోతుంది. కానీ ఒక చిక్కు ఉంది. 45 డిగ్రీల గీతలో ఫిలింనగర్ గుట్ట కనిపించదు. స్టేషన్ దిగాక ఎంత ఎక్కాలో ఆ మ్యాపు చెప్పదు. లండన్‌లోనూ అంతే. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కి 300 మీటర్లు కూడా లేదు, అయినా మ్యాపు చూసి రైలెక్కే కొత్తవాళ్లు ఉంటారు.

ఆ మ్యాపుని ఆయన పాతికేళ్లకు పైగా సొంత బిడ్డలా చూసుకున్నాడు. కొత్త స్టేషన్ వచ్చిన ప్రతిసారీ సరిచేసేవాడు, మూలన ఆయన పేరు ఉండేది. కాపీరైట్ సంస్థకి ఇచ్చేశాడు, కానీ మార్పులు తన చేతి మీదుగానే జరుగుతాయని నమ్మాడు. 1960లో కొత్త మ్యాపు వచ్చింది. దాని మీద పబ్లిసిటీ ఆఫీసర్ హెరాల్డ్ హచిసన్ పేరుంది, బెక్ పేరు లేదు. టైటిల్స్‌లో పేరు కోసం గొడవలు ఫిలింనగర్‌కి కొత్త కాదు కాబట్టి, ఆ మంట ఎలాంటిదో ఇక్కడివాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. పోనీ కొత్తది బాగుందా అంటే అదీ లేదు. ఇరుకుగా, కోణాలు గుచ్చుకునేలా ఉండేది. 1964లో పాల్ గార్బట్ గీసిన మ్యాపు మళ్లీ బెక్ దారికి దగ్గరగా వచ్చింది.

బెక్ కొన్నేళ్లు ఉత్తరాలతో పోరాడాడు. ఈలోపు, అప్పటికింకా నడవని విక్టోరియా లైనుని కూడా కలిపి కొత్త మ్యాపు తయారుచేశాడు. 1931లో లాగే ఈసారీ ఎవరూ అడగలేదు. ఊరి మధ్యలోంచి ఒక్క తిన్నని గీతగా ఆ లైనుని గీశాడు. దాన్ని తీసుకోలేదు.

1974 సెప్టెంబర్ 18న ఆయన చనిపోయాడు. విక్టోరియా లైను అప్పటికే నడుస్తోంది. ఇప్పుడు లండన్ మ్యాపు కింద, చిన్న అక్షరాల్లో, 1931 అనే సంవత్సరంతో పాటు ఆయన పేరు వేస్తున్నారు.