హమ్‌దర్ద్ హకీం అబ్దుల్ మజీద్ సాహెబ్

రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళ ఎర్రని రూహ్ అఫ్‌జా షర్బతు కనబడని దస్తర్‌ఖాన్లు మన ఇండ్లలో తక్కువే. ఆ షర్బతు తయారుచేసిన హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ సాహెబ్ జీవితం, చిన్న దుకాణాల మీద బ్రతికే మన సోదరులు తెలుసుకోదగినదని మేము తలుస్తున్నాము.

వారు 1906లో ఢిల్లీలోని హౌజ్ ఖాజీలో చిన్న యునానీ దవాఖానా తెరిచి, హమ్‌దర్ద్ అని పేరు పెట్టారు. ఎదుటివారి బాధ పంచుకునేవాడని ఆ మాటకు ఉర్దూలో అర్థం. పేరు పెట్టడం సులువేనండీ, నిలబెట్టుకోవడమే కష్టం. వడగాడ్పులకు సొమ్మసిల్లే జనం కోసం 1907లో మూలికలు, పండ్ల రసాలు, గులాబీ, మొగలిపూల అర్కులు కలిపి రూహ్ అఫ్‌జా తయారుచేశారు. 1910లో దానికి రంగుల లేబులు వచ్చింది. చదువు రానివారు సైతం దాన్ని చూసి సీసాను గుర్తుపట్టవచ్చు.

1922లో వారు కన్నుమూశారు. అప్పటికి పెద్ద కొడుకు అబ్దుల్ హమీద్‌కు 14 ఏండ్లు, చిన్నవాడు సయీద్‌కు రెండేండ్లు. ఇట్లాంటప్పుడు ఎన్ని దుకాణాలు మూతపడలేదు! భార్య రాబియా బేగం గారు మాత్రం తాళం వేయలేదు. పెద్ద కొడుకును వెంటబెట్టుకొని నడిపించారు. అదే కొడుకు 1948లో హమ్‌దర్ద్‌ను వక్ఫ్ చేసి, లాభాన్ని ప్రజాసేవకు అప్పగించారు.

యజమాని పోయినా గిరాకీ పోలేదు. అదే పేరు, అదే సరుకు, అదే నమ్మకం మిగిలాయి గనుక. కనుక సోదరులారా, దుకాణం లెక్కలూ పని కిటుకులూ ఇంట్లో ఆడవారికీ, పిల్లలకూ ఇప్పుడే నేర్పండి.