సావిత్రి గారి జీవితము – ఆశానిగ్రహము



సినిమా నటి జీవితమును సంఘ పత్రికలో వ్రాయుట ఏమని పెద్దలు కొందరు అడుగుదురేమో. కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో సావిత్రి గారి పేరు వినని ఇల్లు అరుదు. ఆమె త్రాగుడు సంగతియు అందరు ఎత్తుదురు, అయితే నవ్వుటకో నిందించుటకో ఎత్తుదురు. మేమును ఒకప్పుడు అట్లు మాటలాడినవారమే గనుక ఇది వ్రాయుచున్నాము.

ఆమె గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టెను. పసిబిడ్డగా నుండగనే తండ్రి చనిపోయెను. పెదనాన్న గారి చేతిక్రింద పెరిగి, విజయవాడలో నాటకములాడి, మద్రాసు చేరెను. 1951లో పాతాళభైరవి చిత్రములో ఒక చిన్న నాట్యము మాత్రమే ఆమెకు దొరికెను. 1955లో మిస్సమ్మ చిత్రములో మేరి అను క్రైస్తవ యువతిగా నటించెను. మన తల్లులలో కొందరు ఆమె నిజముగా క్రైస్తవురాలే అనుకొనిరి.

1957లో వచ్చిన మాయాబజారును చూచినవారు జ్ఞాపకము చేసికొనుడి. ఘటోత్కచుడు శశిరేఖ రూపము ధరించి వచ్చును. ఆడపిల్ల దేహములో రాక్షసుడున్నాడని ఆమె నడక, మెడ త్రిప్పుట, కనుబొమ్మ ఎత్తుట చెప్పును. తన దేహములోని ప్రతి నరమును చెప్పినట్లు వినునట్లు చేసికొనిన మనిషి ఆమె. ఆమెకు మనోబలము లేదని ఎవరు చెప్పగలరు?

త్రాగుడు ఏమి చేయునో ఆమె ఎరుగనిదియు కాదు. 1953లో దేవదాసు చిత్రములో పార్వతిగా నటించినది ఆమెయే. త్రాగి త్రాగి నశించిన దేవదాసు తన గుమ్మము ముందర చనిపోవుచుండగా ఆమె పరుగెత్తును, తలుపులు మూయబడును. అప్పటికి ఆమెకు ఇరువది యేండ్లు నిండలేదు.

1952లోనే ఆమె జెమినీ గణేశన్ గారిని రహస్యముగా పెండ్లాడెను. ఆయనకు అంతకుముందే భార్య ఉండెను. కాలక్రమమున ఆ కాపురము చెడెను. 1968లో ఆమె చిన్నారి పాపలు అను చిత్రమునకు తానే దర్శకత్వము వహించెను. 1971లో తమిళమున ప్రాప్తం తీసి మిక్కిలి నష్టపోయెను. అప్పులు, ఆదాయపు పన్ను బాకీలు, ఆస్తులు పోవుట ఒకదాని వెంట ఒకటి వచ్చెను. 1965 యుద్ధకాలమున తన నగలను దేశము కొరకు ప్రధానమంత్రి శాస్త్రి గారికి ఇచ్చివేసిన చెయ్యి ఆమెది. ఆ చేతిలోని పాత్రను మాత్రము ఆమె దించలేకపోయెను.

ఇది ఎట్లు జరుగునో వైద్యులు వివరించుచున్నారు. కాడి మోసి మోసి ఎద్దు మెడ కాయ కాచినట్లు మెదడు మద్యమునకు అలవాటుపడును. నిన్న ఒక పాత్ర ఇచ్చిన మత్తు నేడు రెండైనను ఇయ్యవు. మద్యము మెదడును మందగింపజేయును గనుక మెదడు దానికి ఎదురుగా తన్ను తాను తొందరపెట్టుకొనును. త్రాగుడు ఆగిన దినమున ఆ తొందర పగ్గములు తెంపుకొనును. చేతులు వణకును, చెమట పట్టును, నిద్ర పోవును. ఇక అతడు తెల్లవారుజామున త్రాగునది సుఖము కొరకు కాదు, చేతుల వణకు ఆగుట కొరకే. అన్నిటికంటె దుఃఖకరమైనదేమనగా, ఇక చాలు అని చెప్పవలసిన భాగము నుదుటి వెనుకనున్న మెదడు. మద్యము దానినే ముందుగా మొద్దుబారజేయును. దెబ్బలు తిని మేలుకొనినవాడు మరల దానినే వెదకునని సామెతల గ్రంథము ఇరువదిమూడవ అధ్యాయము చివర ఉన్నది. ఎన్నో మారులు ప్రసంగించితిమి గాని దాని భావము మాకు ఆలస్యముగా తెలిసెను.

మన ప్రాంతములో గుడుంబా, ఇప్పసారా, కల్లు కొత్తవి కావు. కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రజోలాం వంటి నిద్రమందులు కలుపుట అంతకంటె ఘోరము. 2015లో అధికారులు కల్తీ కల్లును అరికట్టినప్పుడు, అది దొరకక మూర్ఛలు వచ్చినవారితోను మతి తప్పినవారితోను తెలంగాణలో పలు ఆసుపత్రులు నిండెను.

ఇది తెలిసియు మేము తప్పు చేసితిమి. మన సంఘములోని ఒక యౌవనస్థుడు త్రాగుడు మానలేకున్నాడని ప్రభువు బల్లనుండి తొలగించితిమి. మనస్సుంటే నేడే మానవచ్చునని గద్దించితిమి. అతడు ఆ రాత్రియే మానెను. మూడవ దినమున వానికి మూర్ఛ వచ్చెను. అయ్యగారూ, మీరు చెప్పినట్లే చేసినాడు గదా అని వాని తల్లి మా వాకిట నిలిచి అడిగినది. మా యొద్ద జవాబు లేకపోయెను. చాలకాలము త్రాగినవాడు వైద్యుని చేతిక్రిందనే మానవలెనని ఆసుపత్రిలో మాకు చెప్పిరి.

సావిత్రి గారికి మధుమేహముండెను. 1980 మే నెలలో బెంగుళూరులో ఆమె స్పృహ తప్పెను. పందొమ్మిది నెలలు ఆ స్థితిలోనే ఉండెను. నిండుగా నుండిన ఆ దేహము ఎముకలగూడు ఆయెను. 1981 డిసెంబరు 26న, క్రిస్మసు మరునాడు, మద్రాసులో ఆమె కన్నుమూసెను. అప్పటికి ఆమెకు యాభై యేండ్లైనను నిండలేదు.

ఆ యౌవనస్థుడు ఇప్పుడు నెలనెల తల్లితో కరీంనగరు పెద్దాసుపత్రికి పోవుచున్నాడు. నడుమ రెండు మారులు జారెను. రెండు మారులును తానే వచ్చి మాతో చెప్పెను. ఆదివారము కల్లు దుకాణము దారి విడిచి, చెరువు కట్టమీదుగా చుట్టు తిరిగి గుడికి వచ్చుచున్నాడు. ఆలస్యమగును గనుక మొదటి కీర్తన అతనికి అందదు. అందుకని ఆరాధనను పావుగంట వెనుకకు జరిపితిమి.