వేయి పౌనుల ఆటగాడు ఆల్ఫ్ కామన్

ఆంగ్లమున ‘కామన్’ అనగా సామాన్యుడు. ఆ యింటిపేరు గల ఆటగాడొకడు 1905 వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున వేయి పౌనులకు ఒక క్లబ్బునుండి మరియొక క్లబ్బునకు మారెను. అంతకుమున్ను ఏ ఫుట్‌బాల్ ఆటగానికిని నాలుగంకెల వెల పలికి యుండలేదు. నాటి మారకమున పౌనొక్కింటికి పదునైదు రూపాయలు గనుక అది మన లెక్కకు పదునైదువేల రూపాయలు. ఇంగ్లండులో ఎంతటి మేటి ఆటగానికైనను వారమునకు నాలుగు పౌనులకు మించి జీతమీయరాదని 1901 నుండి కట్టుబాటు గలదు. ఆ జీతముతో దాదాపు ఐదేండ్లు ఆడినగాని కూడని మొత్తము ఒక్కనాడు చేతులు మారినది. మారినది ఒక క్లబ్బు చేతినుండి మరియొక క్లబ్బు చేతికి. ఆటగానికి నిబంధన ప్రకారము ముట్టదగినది పది పౌనులు మాత్రమే.

ఆల్ఫ్రెడ్ కామన్ 1880 వ సంవత్సరము మే 25 వ తేదీన ఇంగ్లండు ఈశాన్యభాగమునగల సండర్లండు పట్టణములో మిల్‌ఫీల్డ్ అను పేటయందు జన్మించెను. వేర్ నది సముద్రమున గలియుచోట వెలసిన ఆ పట్టణము ఓడల నిర్మాణమునకును, బొగ్గు ఎగుమతికిని పేరొందినది. వారమంతయు ఓడల రేవులలో సుత్తిపోటులతో గడపు జనమునకు శనివారము మధ్యాహ్నపు ఆటయే పండుగ. జారో మొదలగు చిన్న జట్లలో ఆడుచున్న కామన్‌ను 1900 లో స్వంతవూరి క్లబ్బువారు చేర్చుకొనిరి. మనిషి పొడగరి కాడు; అయిదడుగుల ఎనిమిది అంగుళములు. కాని దిట్టమైన శరీరము, బరువైన భుజములు. బంతితో ముందునకు దూసికొనిపోవునపుడు అతనిని అడ్డుట ఎదుటి జట్టువారికి కష్టముగా నుండెడిది. స్వభావముచే హాస్యప్రియుడు, తోడివారిని ఆటపట్టించుటయందు ఆసక్తుడు.

ఆనాటి సండర్లండు క్లబ్బు సామాన్యమైనది కాదు. 1892, 1893, 1895 సంవత్సరములలో లీగు విజేతలుగా నిలిచిన జట్టది. అట్టి జట్టులో స్థానము దొరకిన కుర్రవాడు ఏడాది తిరిగిన కొలదికాలమునకే, 1901 చివర, షెఫీల్డ్ యునైటెడ్ క్లబ్బునకు పోయెను. ఆ యేటి ఆటలు ముగియునప్పటికి సండర్లండు నాలుగవమారు లీగు గెలిచినది. కామన్‌కు అందు భాగము దక్కలేదు. కాని షెఫీల్డ్ జట్టుతో అతనికి ఎఫ్.ఎ. కప్పు దక్కినది. 1902 ఏప్రిలులో లండను క్రిస్టల్ ప్యాలెస్ మైదానమున సౌతాంప్టన్‌తో జరిగిన తుదిపోటీలో షెఫీల్డ్ గోలు కామన్ కాలినుండియే వెడలెను. ఆట సమమై మరల ఆడవలసిరాగా రెండవ పోటీలో షెఫీల్డ్ గెలిచినది. 1904 లో ఇంగ్లండు జాతీయజట్టులో స్థానము లభించినది. మొత్తము మూడు పోటీలలో దేశమునకు ఆడి రెండు గోలులు చేసెను.

1904 వేసవిలో సండర్లండువారు తమ బిడ్డను సుమారు 520 పౌనులకు తిరిగి కొనుక్కొనిరి. ఈ సందర్భమున పొరుగునగల న్యూకాజిల్ క్లబ్బు సంగతి చెప్పవలసియున్నది. ఆ యేడు ఆరంభముననే సండర్లండు రక్షణశ్రేణికి ఆయువుపట్టయిన ఆండ్రూ మెకోంబీని న్యూకాజిల్‌వారు 700 పౌనులిచ్చి తీసికొనిపోయిరి. అప్పటికి అదియే అత్యధికమైన వెల. మెకోంబీకి క్లబ్బిచ్చిన సొమ్ము అప్పా, బహుమానమా అను తగవు కోర్టుదాక పోగా, ఫుట్‌బాల్ అసోసియేషన్‌వారు లెక్కలు తీయించి సండర్లండు డైరెక్టర్లను కొందరిని శిక్షించిరి. తమ మేటివానిని ఒక పొరుగువారికి అమ్ముకొనిన అవమానము జనుల మనస్సులలో చల్లారకమునుపే రెండవ పొరుగువారు తలుపు తట్టిరి.

వారే మిడిల్స్‌బరో క్లబ్బువారు. టీస్ నది యొడ్డునగల మిడిల్స్‌బరో వయస్సున సండర్లండునకు మనుమరాలు వంటిది. 1830 ప్రాంతమున అచట నున్నవి కొలది యిండ్లు మాత్రమే. పిదప రైలుమార్గము వచ్చినది, చేరువ కొండలలో ఇనుపరాయి దొరకినది, కొలుములు వెలసినవి. 1901 నాటికి జనసంఖ్య 90 వేలు దాటినది. ఊరివలెనే క్లబ్బును. 1895 లోను, 1898 లోను ఔత్సాహికుల కప్పును గెలిచిన జట్టు, అనగా జీతము పుచ్చుకొనక ఆడువారి జట్టు, 1899 లో జీతగాండ్ర జట్టుగా మారి లీగులో ప్రవేశించెను. 1902 లో మొదటి డివిజనునకు ఎక్కెను. 1903 లో ఎయర్‌సమ్ పార్కు అను గొప్ప మైదానమును కట్టుకొనెను. మైదానము గొప్పదే గాని ఆట సన్నగిల్లినది. 1905 ఫిబ్రవరి నాటికి ఆ జట్టు పరవూరిలో ఒక ఆట గెలిచి రెండేండ్లు కావచ్చెను. పదునెనిమిది జట్లలో కడపటి రెండును రెండవ డివిజనునకు దిగిపోవలెను. ఆ గండము మిడిల్స్‌బరోను వెన్నాడుచుండెను. మొదటి డివిజనునుండి జారినచో మైదానమునకు జనము రారు. జనము రానిచో మైదానపు అప్పు తీరదు. డైరెక్టర్లు వేయి పౌనులు లెక్కపెట్టుటకు మూలకారణమిదియే.

ఆటగాడు ఒప్పుకొనినగదా ఈ బేరము సాగుట యని పాఠకులు తలంపవచ్చును. ఒప్పుకొనక చేయగలిగినది స్వల్పము. ఆటగాని పేరు ఏ క్లబ్బు పుస్తకమున నమోదైనదో ఆ క్లబ్బు విడిచిపెట్టిననే గాని అతడు లీగులో మరియొక జట్టుకు ఆడుటకు వీలులేదు. ఒప్పందపు గడువు తీరినను క్లబ్బు అతనిని అట్టే పెట్టుకొనవచ్చును, జీతమీయకయే పెట్టుకొనవచ్చును. ఆ నమోదునే క్లబ్బులు అమ్ముకొనుచుండెను. కొందరు పత్రికారచయితలు దీనిని మనుష్యమాంసపు విక్రయముతో పోల్చి నిందించిరి. నింద కఠినమే గాని నిరాధారము కాదు. అయితే వారిలో ననేకులకు వెల వేయి పౌనులైనపుడు కలిగిన రోత, అది మూడువందలైనపుడు కలుగకపోవుట చింతింపదగిన విషయము.

ఇక అభిమానుల వాదములోనికి వత్తము. సండర్లండు పక్షమువారి చేతిలో నాలుగు లీగు విజయములుండెను. నిన్నమొన్నటిదాక ఔత్సాహికుల కప్పుతో తృప్తిపడిన జట్టు తమతో సరితూగునా అని వారు తలయెత్తి అడుగవచ్చును. పెద్దక్లబ్బు అనునది చరిత్రతో ఏర్పడునే గాని డబ్బుసంచితో ఏర్పడదనుట వారి పట్టు. కాని పెద్దక్లబ్బు తన వాడలో పుట్టిన ఆటగానిని ఏడాదియైన ఉంచుకొనక దాదాపు రెట్టింపు వెలకు అమ్ముకొనుటేల? ఈ ప్రశ్నకు సండర్లండులో సులభమైన జవాబు లేదు. అంతేకాదు, 1890 ప్రాంతమున ఆ క్లబ్బునకు కీర్తి తెచ్చిన మహాజట్టులో నెక్కువమంది స్కాట్లండునుండి జీతములాశచూపి రప్పింపబడినవారే. చరిత్ర యని వారు చెప్పుకొను దానియందును డబ్బుసంచి పాలు తక్కువ లేదు.

మిడిల్స్‌బరోవారి దృష్టి వేరు. ఆ ఊరిలో మూడుతరముల వెనుకటి పాదు గలవారు అరుదు. యార్క్‌షైరునుండి, ఐర్లండునుండి, వేల్సునుండి బ్రతుకుదెరువునకు వచ్చినవారే ఊరైరి. వచ్చినవాడు ఏ ఊరివాడని కాక, ఏమి చేయగలడని చూచుట వారి కలవాటు. కావున కొని తెచ్చుకొనిన ఆటగాడు తమవాడు కాడను తలంపు వారికి కలిగియుండదు. అయినను డివిజనునుండి జారిపోవు భయముతో చేసిన కొనుగోలును ఔన్నత్యమునకు చిహ్నమనుటయు తగదు. మునుగుచున్నవాడు పట్టుకొనిన త్రాటి వెలనుబట్టి వాని ఐశ్వర్యమును లెక్కింపరుగదా! ఈ రెండు పక్షములవారును ఒకరినొకరు దెప్పుకొనుచుండగా ఆ యేడు లీగు గెలిచినది మూడవవారైన న్యూకాజిల్‌వారు. ఆ జట్టులో మెకోంబీ గలడు.

ఫిబ్రవరి 25 వ తేదీన మిడిల్స్‌బరో తరఫున కామన్ మొదటి ఆట. విధి చమత్కారమేమో, ఆ ఆట షెఫీల్డ్ యునైటెడ్‌తో, షెఫీల్డ్ నగరముననే, మూడేండ్లక్రిందట అతనిచే కప్పు గెలిపించుకొనిన జనుల యెదుట జరుగవలసివచ్చెను. ఆటయందు పెనాల్టీ కిక్కు లభించినది. కొత్తవానికే దానిని కొట్టుపని ఒప్పగించిరి. మామూలుగా పెనాల్టీని గోలుగా మార్చుట కష్టమైన పని కాదు. కాని అది పొరబోయినచో ఆ వేయి పౌనుల మాట జీవితాంతము తన్ను వెన్నాడునని అతడెరుగకుండునా! బంతి వలలో పడినది. 1-0 తో మిడిల్స్‌బరో గెలిచినది. దాదాపు రెండేండ్లకు పరవూరిలో దక్కిన తొలి గెలుపది.

ఆటలు ముగియునప్పటికి మిడిల్స్‌బరో 26 పాయింట్లతో 15 వ స్థానమున నిలిచెను. 24 పాయింట్లతో బరీ 17 వ స్థానమునను, నాట్స్ కౌంటీ చిట్టచివరను ఉండెను. రెండు పాయింట్లు! ఒక్క గెలుపునకు వచ్చునవి రెండు పాయింట్లే. వేయి పౌనుల విలువ తేలినదని మిడిల్స్‌బరోవారు సంతోషించుటకు తగిన కారణమే. కాని కథ ఇంతటితో తీరలేదు. ఆ వేసవిలో లీగువారు మొదటి డివిజనును పదునెనిమిది జట్లనుండి ఇరువది జట్లకు పెంచిరి. బరీయు నాట్స్ కౌంటీయు ఉన్నచోటనే ఉండిరి. ఏ జట్టును క్రిందికి దిగలేదు! సండర్లండు పక్షమువారికి నవ్వుకొనుటకు ఇంతకంటె ఏమి కావలెను? అట్లని మిడిల్స్‌బరో డైరెక్టర్లు తెలివితక్కువవారని తీర్పుచెప్పుట న్యాయము కాదు. ఫిబ్రవరిలో నిర్ణయము చేయువారికి వేసవి సభ తీర్మానము తెలియుటెట్లు?

మరుసటియేట మరల అదే గండము. 1906 లో మిడిల్స్‌బరోవారు డర్బీనుండి స్టీవ్ బ్లూమర్‌ను గూడ కొనితెచ్చిరి. ఇంగ్లండున గోలులు చేయుటలో నాడతనికి సాటిలేదు. ఈసారి నాటింగ్‌హామ్ ఫారెస్టుతో పాయింట్లు సమానమై, గోలుల సగటున మాత్రమే గండము గడచినది. 1908 లో మాత్రము ఆ జట్టు ఆరవ స్థానమునకెక్కి సండర్లండునకు ఎంతో పైన నిలిచెను. అయిదేండ్లకు పైబడి కామన్ అచట ఆడి లీగుపోటీలలో 58 గోలులు చేసెను. పరుగుపందెపు గుఱ్ఱమును కొనినట్లు కొన్నారని లోకమాడిపోసికొనిన మనిషి, కొనినవారికి నష్టము కలిగింపలేదు.

ఇంతలో పెద్దలకు వెలలపై బెంగపుట్టినది. 1908 జనవరి 1 వ తేదీనుండి ఏ బదిలీకిని 350 పౌనులకు మించి ఈయరాదని ఫుట్‌బాల్ అసోసియేషన్ శాసించెను. క్లబ్బులు దానిని తప్పించుకొనుటకు వెంటనే త్రోవలు వెదకికొనిరి. మూడు మాసములలో ఆ శాసనము రద్దయ్యెను. అంతకు కొలదిదినముల ముందే, 1907 డిసెంబరులో, ఆటగాండ్రు మాంచెస్టరున సంఘముగా నేర్పడిరి. వారి జీతములకు గల పరిమితి తొలగుట 1961 లోను, క్లబ్బుల నిర్బంధమును న్యాయస్థానము తప్పుపట్టుట 1963 లోను గాని జరుగలేదు. 2017 లో నెయ్‌మార్ అను బ్రెజిల్ ఆటగానికై పారిస్ క్లబ్బువారు 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించిరి. వెల పెరిగినమాట యట్లుంచి, నేటి ఆటగాడు తన జీతమును తాను బేరమాడుకొనగలడు. కామన్‌కు అది లేదు.

1910 లో కామన్ మిడిల్స్‌బరోను వీడెను. ఆ యేటి డిసెంబరులో మిడిల్స్‌బరో, సండర్లండు జట్లకు జరిగిన ఆట ఈ రెండు క్లబ్బుల పరువుప్రతిష్ఠల చర్చలో మరువరానిది. మిడిల్స్‌బరో క్లబ్బు అధ్యక్షుడు పార్లమెంటు ఎన్నికలలో నిలిచియుండెను. పొరుగువారిపై గెలిచినచో ఓట్లు రాలునని, సండర్లండు నాయకునికి ఆట నోడుటకు లంచమీయజూపిరి. అతడు లొంగక సంగతి బయటపెట్టెను. మిడిల్స్‌బరో ఆట గెలిచినది. అధ్యక్షుడు ఎన్నికలలో ఓడెను. పిదప అతనిని, క్లబ్బు మేనేజరును ఆటనుండి బహిష్కరించిరి. కాలక్రమమున సండర్లండు వంతును వచ్చినది. డబ్బుతో ఆటగాండ్రను కొనుటలో 1950 ప్రాంతమున ఆ క్లబ్బునకు ఇంగ్లండు బ్యాంకు అను ఎగతాళి పేరు వచ్చినది. 1957 లో అక్రమచెల్లింపులకు భారీ జరిమానా పడినది. 1958 లో మొట్టమొదటిసారి మొదటి డివిజనునుండి జారినది. మొత్తముమీద సండర్లండు లీగు విజయములు ఆరు. మిడిల్స్‌బరో నేటివరకును ఒక్కమారైన ఆ విజయము నెరుగదు.

మిడిల్స్‌బరోనుండి కామన్ లండను చేరి ఊల్విచ్ ఆర్సెనల్ జట్టులో రెండేండ్లు ఆడెను. నేడు జగద్విఖ్యాతమైన ఆ క్లబ్బు అప్పుడు అప్పులలో మునిగి ఊపిరాడక యుండెను. 1912 డిసెంబరులో ప్రెస్టన్ క్లబ్బువారు అతనిని 250 పౌనులకు తీసికొనిరి. వయస్సు ముప్పదిరెండు; వెల వేయిలో నాల్గవవంతు. ఆ యేడు ప్రెస్టన్ రెండవ డివిజనున ప్రథమస్థానము గెలుచుకొనెను. 1914 లో కామన్ ఆట మానెను.

పిమ్మట అతడు డార్లింగ్టన్ పట్టణమున స్థిరపడెను. అది మిడిల్స్‌బరోకు పడమరగా పదునైదుమైళ్ల దూరముననున్నది. సండర్లండునకును మిక్కిలి దూరము కాదు. అచట పానశాల నడపుచు 1943 వరకు గడపెను. ఈలోగా 1928 లో డేవిడ్ జాక్ అను ఆటగాని వెల పదివేల పౌనులు దాటెను. 1946 ఏప్రిలు 3 వ తేదీన డార్లింగ్టన్‌లోనే కామన్ కన్నుమూసెను. యుద్ధము ముగిసియుండెను గాని, లీగు పోటీలు పునఃప్రారంభమగుటకు ఇంకను దాదాపు అయిదు మాసముల వ్యవధి యుండెను.