వెలగిరి శిల్పి సిద్ధార్థుడు

రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయనింగారు తమ తండ్రి జగ్గయ్యగారి పేరు పెట్టుటకు ముందు నేటి జగ్గయ్యపేటకు బేతవోలని పేరు. అంతకు మిక్కిలి పూర్వము, క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, అచ్చట వెలగిరి యను గ్రామ ముండెను. ఆ వెలగిరి మహాచైత్యమునొద్ద స్తంభముల నెత్తించిన సిద్ధార్థుడను శిల్పి చరిత్రమును మేమిందు వ్రాయబూనితిమి. ఈతడు బుద్ధదేవుని పేరు పెట్టుకొనిన గృహస్థు గాని బుద్ధుడు కాడు. ఆంధ్రదేశ చరిత్రము చదివినవా రాతని శాసనము నెరుగుదురు. ఎరిగియు, రాజుల కాలనిర్ణయమునకు దానిని వాడుకొని శిల్పిని విడిచిపెట్టుదురు. నందిగామలో నుపాధ్యాయులమై యుండిన దినములలో మేమును నట్లే చేసితిమి. పరీక్షలో రాజు పేరడిగితిమి. శిల్పి పేరొక్క యేడైన నడుగమైతిమి. ఆ లోపమును దీర్చుకొనుట కీ సంచిక మాకు తగిన తావయ్యెను.

1882 వ సంవత్సరమున బర్జెస్ దొరగారు ధనబోడను దిబ్బను పరిశీలించునప్పటికి అందలి రాళ్లు పెక్కు తరలిపోయి యుండెను. మిగిలినవానిలో మూడు స్తంభములపై నొకే శాసనము ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో గానవచ్చెను. బ్యూలరు పండితుడు దానిని చదివి ప్రకటించెను. ఇక్ష్వాకు రాజైన మాఠరీపుత్ర వీరపురుషదత్తుని యిరువదియవ రాజ్యవర్షమున, వర్షర్తువు నెనిమిదవ పక్షమున, పదియవ దినమున ఆ దానము జరిగినది.

సిద్ధార్థుని తండ్రి నాగచంద్రుడు. ఆయనయు శిల్పియే. కమ్మకరాష్ట్రములోని నడతూరు ఆయన గ్రామము. కొడుకు కాపురమున్నది మహాకండురూరు, పనిచేసినది వెలగిరి. తండ్రి యొకయూర, కొడుకు వేరొకయూర నుండుటను బట్టి, పని యున్న చోటికి ఉలియు సుత్తియు దీసికొని పోవు వృత్తిధర్మము నాడును నిట్లే యుండెనని మేము తలచుచున్నాము. తల్లి నాగిలని, భార్య సముదాని, కొడుకు మూలసిరి, కూతురు నాగబుధనిక, తమ్ముడో యన్నయో యగు బుధినాగుడు, ఆతని భార్య కణిక, వారి కొడుకులు నాగసిరి చందసిరులు, కూతురు సిద్ధార్థనిక: ఇందరి పేర్లును రాతిపై నున్నవి. తల్లిని ముందిడుకొని, జ్ఞాతులతో మిత్రులతో బంధువులతో గూడ, సర్వలోక హితసుఖములకై తూర్పు ద్వారమున నైదు ఆయకస్తంభముల నిలిపితినని సిద్ధార్థుడు చెప్పుకొనెను. ఆ యైదును బుద్ధుని జననము, మహాభినిష్క్రమణము, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనము, నిర్వాణములకు గురుతులు.

అదే కాలమున విజయపురిలో, అనగా నాగార్జునకొండలో, రాజుగారి మేనత్త చాంతిసిరి మొదలగు రాజకుటుంబ స్త్రీలు చైత్యమునకు స్తంభములు దానము చేయుచుండిరి. అచ్చట దాతలు రాణులు. వెలగిరిలో దాత రాళ్లు చెక్కువాడు. కూలికి పనిచేయువాడు కూలి లేక యిచ్చినప్పుడు తన పేరు చెక్కించుకొనుట అహంకారమా? మేము మొదట నట్లే యనుకొంటిమి. ఆ పేర్ల వరుసను మరల మరల చదివినపిమ్మట మా తలంపు మారినది. అహంకారి యైనవాడు తన పేరొక్కటియే పెద్దగా చెక్కించును. ఈతడు తన పేరును పదిమంది పేర్ల నడుమ దాచినాడు.

ఆతడు చెప్పుకొనిన బిరుదమును గూడ గమనింపవలెను. శాసనమున తండ్రికిని కొడుకునకును ఆవేసని యనుమాట కలదు. సంస్కృతమున ఆవేశన మనగా శిల్పిశాల యని అమరసింహుడు చెప్పినాడు. కాబట్టి ఆవేసని యనగా పనిశాలకు చెందినవాడు, దాని పెద్ద. సాంచీ దక్షిణ తోరణముపై శాతకర్ణి శిల్పులకు పెద్దయైన ఆనందునికిని ఈ మాటయే వాడబడినది. తన్ను దెలుపుకొనుటకు గూడ సిద్ధార్థుడు పదుగురు కూడి పనిచేయు సాలను జెప్పెను.

ఆ చైత్య మాతడు కట్టినది కాదు. ఆతనికి శతాబ్దములకు పూర్వమే యది వెలసినది. దాని పలకలలో మాంధాతృ చక్రవర్తి పలక ప్రసిద్ధము. చెన్నపట్టణపు మ్యూజియమున నున్నది. చక్రవర్తి చేయెత్తి నిలిచియుండగా మేఘములనుండి చతురస్రపు నాణెములు వర్షించుచుండును. చుట్టును రాణి, ఏనుగు, గుఱ్ఱము, చక్రము. నాణెములను వానచినుకులుగా జూపిన యా కల్పనకు మేము నేటికిని ఆశ్చర్యపడుచుందుము. బౌద్ధకథలో ఆ మాంధాత ఇంద్రుని యర్ధాసనము సంపాదించియు తృప్తిచెందక, ఇంద్రునే తొలగింపదలచి, భూమిపై బడి మరణించెను. అహంకారమువలన చెడినవాని కథను చెక్కిన శిల్పి తన పేరు పలకపై విడువలేదు. అట్టి పనికి ప్రక్కను తన పని నిలుపుటకు సిద్ధార్థునకు కొంత ధైర్యమే కావలసి యుండును. ఆతడు పాతదానితో పోటీపడక, తూర్పు ద్వారమున సన్నని స్తంభములు నిలిపెను. ఆ శాసనాక్షరముల నిలువుగీతలు మాత్రము తీగలవలె సాగి వంపు తిరిగి యుండును. రాజాజ్ఞల లిపి కంత సొగసు అవసరము లేదు; చెక్కినవాని చేతి కవసరమైనది.

మనవారు కొందరు సిద్ధార్థుడు మన కులమువాడే యని వాదింతురు. వృత్తిచే నాతడు మనకు పూర్వుడే, సందేహము లేదు. ఐనను నేటి కులనామ మేదియు నా రాతిపై లేదు. ఆతడు వ్రాయించినది ఊళ్లు, పని, తల్లిదండ్రులు, బిడ్డలు, మిత్రులు. మిత్రులనుమాటను మన సభలో తరచుగా మరచిపోవుచున్నామని చెప్పుటకు మేము జంకము.

నందిగామ తాలూకాలోని అల్లూరు, గుమ్మడిదుఱ్ఱులలోను బౌద్ధస్థలములు బయలుపడినవి. మునియేటి కటునిటు పనిశాల లనేకము లుండి యుండును. 2022 లో ఈ సీమ కృష్ణాజిల్లానుండి విడిపడి ఎన్.టి.ఆర్. జిల్లాలో జేరినది, ఊళ్లకును సీమలకును పేర్లు మారుచునే యున్నవి. అన్నదమ్ముల బిడ్డయైన సిద్ధార్థనిక పేరును రాతిపై జూచినప్పుడెల్ల మాకొక యూహ కలుగుచుండును. ఆ యింటిలో సిద్ధార్థుని పేరు ఆడబిడ్డకు పెట్టుకొనునంతటి మక్కువ యుండెను. సిద్ధార్థుడా పేరును తన పేరున్న స్తంభముపైననే చెక్కించెను.